ముడి వెయ్యని నల్లదారం

పోయినవారం చదివినవాళ్ళలో సగంమందైనా డార్కస్ హేవర్‌స్టాక్‌ని తిట్టుకుని ఉంటారు, ఆ ఉత్తరం రాయకుండా ఉండాల్సిందని. నిజమే. కానీ రాసింది, అంటించింది, పోస్టులో వేసింది కూడా. ఆల్డర్‌పోర్ట్ దాటి రెండుసార్లకంటే ఎక్కువ వెళ్ళని ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, పెదనాన్న కొడుకుని నమ్మక ఇంకెవర్ని నమ్ముతుంది?

సంగతి ఇదీ. ఆ ఊళ్ళో టౌన్‌హాలు మీద పేరు హేవర్‌స్టాక్‌లది. చర్చి గంట మీద పేరు వాళ్ళదే. స్మశానంలో అందరికంటే ఎత్తయిన రాయి కూడా వాళ్ళదే. ఇప్పుడు ఆ పెదనాన్న కొడుకు ఆంబ్రోస్ సెనేట్‌కి పోటీలో ఉన్నాడు కాబట్టి, ఇంట్లో నూరేళ్ళుగా పోగుపడ్డ కాగితాలూ వస్తువులూ చరిత్ర సంఘానికి ఇచ్చేసి వంశానికి కాస్త మెరుగు పెట్టించుకోవాలని బుద్ధి పుట్టింది. జాబితా రాసే పని డార్కస్‌కి అప్పజెప్పాడు. మూడువారాలుగా ఆమె రాస్తూనే ఉంది. ఆ రాతలో పోర్ట్‌లాండ్ రేవుది ఒక పాత రిజిస్టర్ చేతికి తగిలింది. తన తల్లి లుసిండా 1862 ఏప్రిల్లో ఏ ఓడతోపాటు మునిగిపోయిందని చిన్నప్పటినుంచి వింటూ వచ్చిందో, ఆ 'ప్రుడెన్స్' అసలు మునగనేలేదు. తొమ్మిదిరోజుల తర్వాత క్షేమంగా పోర్ట్‌లాండ్ చేరి, ఇంకో పదకొండేళ్ళు ఉప్పుచేప మోసింది.

"ఇదేమిటన్నయ్యా? రిజిస్టర్ తప్పా, మనం చెప్పుకునేది తప్పా?" అని డార్కస్ ఆంబ్రోస్‌కి రాసింది. అతను జవాబు రాయలేదు. బుధవారంనాడు విట్లో అనే పెద్దమనిషిని పంపాడు.

చరిత్ర సంఘం నుంచి వచ్చానన్నాడు విట్లో. టీ తాగాడు, రెండు బిస్కెట్లు తిన్నాడు, కాగితాల వంక ఒక్కసారైనా చూడలేదు. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అని అడిగాడు. ఈరోజు తారీకెంత అని అడిగాడు, తనకి తెలీనట్టు. తల్లి గురించి ఎక్కువగా ఆలోచిస్తుంటారా అని చాలా మెత్తగా అడిగాడు. శనివారం నాలుగింటికి మూసిన బండి తెస్తాను, పెట్టెలు సిద్ధంగా ఉంచండి అని చెప్పి వెళ్ళాడు. ఆ మర్నాటినుంచి, డార్కస్‌ని పెంచిన మేనత్త మెహిటబెల్ ముందుగదిలో పొయ్యి ముందు కూర్చుని పాత ఉత్తరాలు కట్టలు కట్టలుగా తగలెయ్యడం మొదలుపెట్టింది.

ఇవాళ శనివారం. మధ్యాహ్నం రెండు దాటింది.

వంటింట్లో చిక్కుడు గింజల కుండ పొద్దుటినుంచీ పొయ్యిలోనే ఉంది. ఇల్లంతా పందిమాంసం, చెరకుపాకం కలిసిన వాసన. శనివారం వాసన. డార్కస్‌కి ఊహ తెలిసినప్పటినుంచీ ప్రతి శనివారం ఈ ఇంట్లో ఇదే వాసన, ఇదే కుండ. ఎన్నడూ లేనిది ఇవాళ ఆ వాసన పోవాలని ఆమె కిటికీ తెరిచింది.

"ఒక్క వస్తువు మిగిలింది నోరా. జుట్టు దండ. అదీ రాసేస్తే అయిపోతుంది" అంది, చేతులు తుడుచుకుంటూ.

వంటమనిషి నోరా ఐర్లండ్ నుంచి వచ్చి పందొమ్మిదేళ్ళయింది. ఆ దండ మాటెత్తితే మాత్రం నిన్న దిగినట్టే మాట్లాడుతుంది. "నా కళ్ళముందు విప్పకండమ్మా. మా వైపు చచ్చినవాళ్ళని పాతిపెట్టి ఊరుకుంటాం. మీరేమో పీకి పువ్వులల్లి గోడకి తగిలిస్తారు. నేను పోయాక నా తల మీద చెయ్యేశారంటే లేచి కొరుకుతాను, ముందే చెబుతున్నా."

"నీ జుట్టు ఎవరిక్కావాలే? అంతా మసి."

"మసయినా నాదే." నోరా నవ్వింది గానీ, ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. గొంతు తగ్గించింది. "అమ్మా, చెప్పాలా వద్దా అనుకుంటున్నాను. బుధవారం ఆ మనిషి పోతూ పోతూ వెనక గుమ్మం దగ్గరికొచ్చాడు. డార్కస్ గారు తనలో తను మాట్లాడుకుంటుంటారా అన్నాడు. చాకులు ఎక్కడ పెడతావు అని అడిగాడు."

"చాకులా? చాకులు చరిత్ర సంఘానికెందుకు?"

"అదే నేనూ అడిగాను. మంచి వంటమనిషివి, జాగ్రత్త అన్నాడు. నా జాగ్రత్త వాడికెందుకట!"

డార్కస్ చాకుల సొరుగు తెరిచి చూసి మూసేసింది. జాబితా పుస్తకం, భూతద్దం తీసుకుని భోజనాల గదిలోకి వెళ్ళింది.

జుట్టు దండ అంటే ఆ ఇంట్లో చిన్న విషయం కాదు. లోతైన గాజుపెట్టెలో, పైకి తెరుచుకున్న గుర్రపునాడా ఆకారంలో, ముప్పైయొక్క పువ్వులు. ఒక్కో పువ్వూ ఒక్కో హేవర్‌స్టాక్ జుట్టు, సన్నటి ఇత్తడి తీగెల మీద అల్లింది. దండ మొదలుపెట్టింది మెహిటబెల్ వాళ్ళ నాయనమ్మ, ఇప్పుడున్న పువ్వుల్లో సగానికి పైగా అల్లింది మెహిటబెల్. బతికున్నవాళ్ళ దగ్గర వేలెడు పాయ తీసుకుంటే పువ్వుకి సరిపోతుంది. ఇంటి ఆడది చనిపోతే మాత్రం జడ మొత్తం కోసి దాస్తారు. చనిపోయినవాళ్ళని పూడ్చి వచ్చిన సాయంత్రం, ఇంట్లో పెద్ద ఆడమనిషి వాళ్ళ పువ్వు కాడకి నల్ల పట్టుదారం చుట్టి, అందరూ నిలబడి చూస్తుండగా వెనకవైపు ముడి వేస్తుంది. ఆ ముడితో ఆ మనిషిని దేవుడికి అప్పగించినట్టు. ఆ తర్వాతే ఎవరైనా భోజనానికి కూర్చుంటారు.

తల్లి పువ్వు ఎక్కడుందో డార్కస్‌కి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఎడమవైపునుంచి పదిహేడోది, తేనెరంగు. చిన్నప్పుడు కుర్చీ లాక్కుని ఎక్కి, గాజుకి ముక్కు ఆనించి, ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. తల్లి మొహం గుర్తులేని పిల్లకి ఆ పువ్వే తల్లి. కాడకి నల్లదారం చుట్టి ఉంది. నీళ్ళలో పోయింది కాబట్టి జడ లేదు, సమాధి రాయి కింద మనిషీ లేదు.

పెట్టెని బల్ల మీద బోర్లా పెట్టి, వెనక అంటించిన కాగితం ఊడదీసింది. వెనకవైపు చూడడం ఇదే మొదటిసారి. ఒక్కొక్క ముడీ చూసుకుంటూ, పేరు రాసుకుంటూ వచ్చింది. అన్నీ ఒకే తీరు ముళ్ళు, గట్టిగా, గింజంతేసి. ఆంబ్రోస్ తండ్రి ఎజ్రా పెదనాన్నకి పుట్టి రెండురోజులకే పోయిన మొదటి బిడ్డ పువ్వుకి కూడా చక్కగా ముడి ఉంది. పదిహేడో పువ్వు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

అక్కడ ముడి లేదు. నల్లదారం ముందువైపునుంచి చుట్టి తెచ్చి, వెనక మైనం చుక్కతో అతికించారు, అంతే. గోటితో గీరితే చుక్క ఊడివచ్చింది, దారం తనంతట తనే విడిపోయింది.

డార్కస్ భూతద్దం కిందపెట్టింది. పెట్టె అలాగే రెండు చేతుల్లో ఎత్తుకుని ముందుగదిలోకి నడిచింది.

మెహిటబెల్ హేవర్‌స్టాక్‌కి డెబ్బైమూడేళ్ళు. నిటారుగా కూర్చుంటుంది, కుర్చీకి వీపు ఆనించడం కూడా పాపమన్నట్టు. కాళ్ళ దగ్గర బూడిద కుప్ప, ఒడిలో చివరి కట్ట. డార్కస్ చేతిలో పెట్టె చూసి ఆమె చూపు పొయ్యిలోకి తిప్పుకుంది.

"వెనక కాగితం ఎందుకు చించావమ్మాయ్? ఎలాగూ గోడకే కదా తగిలిస్తారు."

"అమ్మ పువ్వుకి ముడి లేదత్తా."

"ఊడిపోయి ఉంటుంది. ముప్పైయారేళ్ళ దారం."

"ఊడలేదు. మైనంతో అతికించావు."

"ఆరోజు చేతులు వణికాయి. ఇంట్లో చావు. ఎవరు చూడొచ్చారు?"

"నువ్వా? చేతులు వణికాయా?" డార్కస్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మా నాన్న పువ్వులో ఒక రేకు వంకర పోయిందని పువ్వంతా విప్పి మళ్ళీ అల్లావు నువ్వు. నేను పదేళ్ళప్పుడు కుట్టిన రుమాలు నాలుగుసార్లు ఊడదీయించావు. ఆ రెండురోజుల పసికందుకి వేసిన ముడి చూశాను, అదీ నీదే. మా అమ్మ దగ్గరికొచ్చేసరికి చేతులు వణికాయా?"

మెహిటబెల్ ఒడిలో కట్టని పొయ్యిలో వేసింది.

ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలి. మనుషుల ముందు అబద్ధం ఆడగలదు. పాదిరి ముందు, పొరుగువాళ్ళ ముందు, తన చేతుల్లో పెరిగిన పిల్ల ముందు ముప్పైయారేళ్ళు ఆడింది. కానీ ముడి వెయ్యడం దేవుడి ముందు చేసే పని. బతికున్న మనిషిని దేవుడికి అప్పగించాను అని ఆయనకే చెప్పే ధైర్యం ఆవిడకి లేదు. అందుకే మైనం. హేవర్‌స్టాక్‌ల భక్తి అలాంటిది, సందు చూసుకుని నడిచే భక్తి.

"అత్తా" అంది డార్కస్, మోకాళ్ళ మీద కూర్చుని. "ఒక్కటే అడుగుతాను. మా అమ్మ బతికుందా?"

పొయ్యిలో కాగితం చిటపటలాడింది. మెహిటబెల్ మెడలో గొలుసు పైకి లాగి, దానికి వేలాడే చిన్న తాళంచెవి తీసి, డార్కస్ అరచేతిలో పెట్టింది. "కుట్టుపెట్టె. అడుగు పలక ఎత్తితే లేస్తుంది."

కుట్టుపెట్టె కిటికీ దగ్గరే ఉంది, ఎప్పుడూ ఉండే చోటే. దారపు ఉండలు, సూదుల డబ్బా తీసేసి పలక ఎత్తితే, కింద తెల్లకాగితం పొట్లాలు పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మీద అత్త సన్నటి చేతిరాతలో ఒక సంవత్సరం. మొదటిది 1863. చివరిది 1898, అంటే ఈ ఏడాదే. మొత్తం ముప్పైయారు.

డార్కస్ వాటిని బల్ల మీద వరసగా విప్పుతూ వెళ్ళింది. ప్రతి పొట్లంలోనూ వేలెడు పాయ, నీలిదారంతో కట్టింది. మొదటి పదీ తేనెరంగు, దండలో పువ్వు రంగే. 1876 దగ్గర ఒక తెల్ల వెంట్రుక కనిపించింది. 1880 దగ్గర నాలుగైదు. ఆ తర్వాత బూడిదరంగు, తర్వాత ఇంకా లేత బూడిద. ఈ ఏడాది పాయ పూర్తిగా తెలుపు, పలచగా, పసిపిల్లల జుట్టంత మెత్తగా ఉంది.

చచ్చిపోయినవాళ్ళ జుట్టు నెరవదు.

డార్కస్ ఏడ్చింది. దాచుకోలేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. తల్లి ఇరవైమూడేళ్ళ పడుచుగా నీళ్ళలో ఆగిపోయిందనుకుని తను పెరిగింది. కాదు, ఆవిడ ఏడాదికింత నెరుస్తూ, ముసలిదవుతూ, ఎక్కడో గాలి పీలుస్తూ ఉంది. ఇక్కడ తను కుర్చీ ఎక్కి గాజుకి ముక్కు ఆనిస్తున్నప్పుడు కూడా ఉంది.

"చెప్పు" అంది చివరికి. "మొత్తం చెప్పు."

మెహిటబెల్ పొయ్యి వైపు చూస్తూనే చెప్పింది. "మీ నాన్న జెత్రో హవానాలో జ్వరంతో పోయాడు. అది నిజం. అతని పెట్టె ఇంటికొచ్చింది. మీ అమ్మ తెరిచింది. అందులో ఓడ దినచర్య పుస్తకం. కాంగో నది దగ్గర ఎక్కించిన మనుషులెందరు, క్యూబాలో దించేసరికి మిగిలినవాళ్ళెందరు, రోజువారీగా రాసుంది. ఓడ ఎజ్రాది. అదే ఎజ్రా ఇక్కడ టౌన్‌హాల్లో నిలబడి బానిసత్వం పాపమని ఉపన్యాసాలిచ్చేవాడు. జనం ఏడ్చేవాళ్ళు. నేనూ ఏడ్చాను."

"అమ్మేం చేసింది?"

"ఆదివారం చర్చిలో లేచి నిలబడి ఆ పుస్తకం చదివింది. రెండు పేజీలు. మూడో పేజీ తిప్పేలోపు ఎజ్రా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ఆ ఫిబ్రవరిలోనే న్యూయార్క్‌లో ఇదే నేరానికి ఒక కెప్టెన్‌ని ఉరితీశారు. ఎజ్రాకి తన మెడ నిలవదని భయం పట్టుకుంది. భర్త పోయిన దుఃఖంలో పాపం మతి చెడిందని ఊరందరికీ చెప్పాడు. ఊరు నమ్మింది. నమ్మితే సుఖంగా ఉంటుంది కదా. గురువారం సాయంత్రం నాలుగింటికి మూసిన బండొచ్చింది. ఇద్దరు డాక్టర్ల సంతకాలు, ఇంట్లో పెద్దవాళ్ళ సంతకం ఒకటి. ఈ రాష్ట్రంలో అంతే కావాలి. నువ్వు నా చంకలో ఉన్నావు. నీ పిడికిట్లో మీ అమ్మ గౌను అంచు ఉంటే వేళ్ళు ఒక్కొక్కటీ నేనే విప్పాను."

"ఓడ మునిగిందని..."

"పిచ్చాసుపత్రిలో ఉందంటే ఎవరైనా చూడ్డానికెళ్తారు. చచ్చిపోయిందంటే వెళ్ళరు."

"నువ్వు ఊరుకున్నావు."

"ఊరుకోలేదు, బేరమాడాను." మెహిటబెల్ మొహం మొదటిసారి కదిలింది. "ఏడాదికొక్క పాయ పంపాలి, అది బతికుందని నాకు తెలియాలి, లేకపోతే నోరు విప్పుతానన్నాను. ఎజ్రా పోయేదాకా పంపాడు. తర్వాత ఆంబ్రోస్. నాకు ధైర్యం అంతే ఉంది డార్కస్. మొదట భయం. తర్వాత అలవాటు. తర్వాత నువ్వు నన్ను అత్తా అని పిలవడం మొదలుపెట్టావు, ఇంకెవరూ లేనట్టు. ఆ పిలుపు వదులుకోలేకపోయాను. ఇదీ నా పాపం, ఇంక కడిగేదేం లేదు."

డార్కస్‌కి ఆవిడ మీద చెయ్యి చేసుకోవాలనిపించింది, ఆవిడ ఒళ్ళో తల పెట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. "ఎక్కడుంది? ఊరి పేరు చెప్పు."

"తెలీదు."

"అత్తా!"

"ఒట్టు. పాయ ఆంబ్రోస్ ఆఫీసు కవర్లో వస్తుంది. ఊరి పేరు ఎజ్రా ఉత్తరాల్లో ఉండేది. ఆకుపచ్చ రిబ్బను కట్ట." ఆవిడ బూడిద కుప్ప వైపు చూసింది. "గురువారం తగలెట్టాను. విప్పకుండా తగలెట్టు అని ఆంబ్రోస్ రాశాడు, విప్పలేదు. చదివితే తెలిసిపోతుందని భయం. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాలి కదా."

ఈ ఇంట్లో మనుషుల సంగతి అంతే. కాగితాలు బూడిద చెయ్యడానికి మెహిటబెల్‌కి చెయ్యి వెనకాడలేదు. ముప్పైయారు పొట్లాల్లో ఒక్కదాన్నైనా నిప్పులో వెయ్యలేకపోయింది. హేవర్‌స్టాక్ జుట్టు కాల్చడమన్నది ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి ఊహకైనా రాదు. ఆంబ్రోస్‌కి ఆ సంగతి గుర్తుండి ఉంటే అడుగు పలక కూడా ఎత్తించేవాడే.

హాల్లో గడియారం మూడున్నర కొట్టింది.

"సరే" అంది డార్కస్, కళ్ళు తుడుచుకుని లేస్తూ. "విట్లో గారొస్తున్నారు కదా. చరిత్ర సంఘంలో పెద్దవాళ్ళుంటారు, వకీళ్ళుంటారు. ఈ పొట్లాలు ఆయన ముందే పరుస్తాను."

మెహిటబెల్ రక్తం లేని మొహంతో ఆమె మణికట్టు పట్టుకుంది. తన బైబిల్లోంచి, నాలుగుమడతలు పెట్టిన ఒక కాగితం లాగి ఇచ్చింది.

అచ్చువేసిన ఫారం. ఖాళీల్లో సిరా రాత. డార్కస్ హేవర్‌స్టాక్, అవివాహిత, వయసు ముప్పై ఎనిమిది. వ్యాధి లక్షణం: చనిపోయిన తల్లి బతికే ఉందన్న భ్రమ. వ్యాధి వంశపారంపర్యం, తల్లికీ మతి చెడినది. చేర్చవలసిన స్థలం అన్నచోట ఖాళీ. కింద ఇద్దరు డాక్టర్ల సంతకాలు. ఒకటి ఊళ్ళో ముసలి డాక్టరుది. రెండోది హెన్రీ విట్లో, మానసిక వైద్యుడు. తేదీ బుధవారంది. ఆ రెండిటి కిందా, ఇంటి పెద్ద అన్నచోట, పొట్లాల మీద ఉన్న అదే సన్నటి చేతిరాత: మెహిటబెల్ హేవర్‌స్టాక్.

డార్కస్ రెండుసార్లు చదివింది. బుధవారం టీ, బిస్కెట్లు, తారీకెంత అన్న ప్రశ్న, నోరాని అడిగిన చాకులు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి.

"నువ్వు సంతకం పెట్టావు."

"సంతకం పెడితే వచ్చే ఏడాది పాయ ముందుగానే విట్లో చేతికిచ్చి పంపుతానని రాశాడు. పెట్టకపోతే ఇంకెప్పటికీ రాదన్నాడు." మెహిటబెల్ చూపు బల్ల మీది పాయల వైపు తిరిగింది. "ఆ మాటకి అర్థం నీకు తెలీదా? అది అక్కడ వాడి చేతిలో ఉంది డార్కస్. నేను దాన్ని రెండోసారి చంపలేకపోయాను."

"అందుకని నన్నిచ్చావు."

"ఇచ్చాను. ఇవాళ తనకిమ్మని విట్లో వదిలి వెళ్ళాడు, మూడురోజులనుంచి దీంతో ఈ పొయ్యి ముందే కూర్చున్నాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఇలా ఇయ్యి ఆ కాగితం, నిప్పు ఎదురుగానే ఉంది. వంటింటి గుమ్మంలోంచి వెళ్ళు. నోరా మరిది పడవ రేవులో ఉంది. పోర్ట్‌లాండ్ చేరితే ఎవరూ పట్టుకోలేరు. పో తల్లీ, టైమ్ లేదు."

డార్కస్ పొయ్యి వైపు చెయ్యి చాపింది. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

పడవలో పోర్ట్‌లాండ్ వెళ్తుంది. తర్వాత? ఎక్కడని వెతుకుతుంది? ఊరి పేరు బూడిదలో ఉంది. ఆంబ్రోస్ చెప్పడు. తను తప్పించుకుందని తెలిసిన రోజునే అక్కడ ఉన్న మనిషిని ఇంకెక్కడికో మార్చేస్తాడు, లేదా అంతకంటే సులువైన పని చేస్తాడు. ఆ ముసలిదానికి అరవైయేళ్ళు దగ్గరపడుతున్నాయి. ఇంకెన్ని పాయలుంటాయి ఆ తల మీద?

చెయ్యి వెనక్కి తీసుకుని కాగితాన్ని మళ్ళీ నాలుగుమడతలు పెట్టింది.

"ఇది తగలబెడితే ఆ బండి నన్ను ఎక్కించుకోదత్తా."

"ఏమిటే నువ్వనేది?"

"ఇంత లోకంలో మా అమ్మ దగ్గరికి దారి తెలిసినవాడు ఆ బండివాడొక్కడే. వంశపారంపర్యం అని రాశారుగా, ఇద్దర్నీ ఒకే చోట పెడతారు. వేరే చోట అంటే అన్నయ్య ఇంకో డాక్టర్ని కొత్తగా నమ్మాలి. అంత నమ్మకం అతనికి ఎవరి మీదా లేదు."

"నీకు నిజంగానే మతి పోయింది!"

"ఆ ముక్క కాగితంలో ఉంది, నువ్వు మళ్ళీ చెప్పక్కర్లేదు."

ఆ తర్వాత ఆమె చేసినవన్నీ చకచకా చేసింది. జాబితా పుస్తకం తెచ్చి, 212 జుట్టు దండ అన్నదాని కింద 213 వేసింది: తెల్లకాగితం పొట్లాలు ముప్పైయారు, 1863 నుంచి 1898 వరకు, లుసిండా హేవర్‌స్టాక్ జుట్టు, మనిషి జీవించి ఉన్నది. దాని కింద చర్చి సంగతీ, బండి సంగతీ ఆరు వరసల్లో రాసి, తన పేరు పెట్టి, అత్త చేత పేరు పెట్టించింది. ఈసారి మెహిటబెల్ చెయ్యి నిజంగానే వణికింది. నోరాని పిలిచి పుస్తకం, పొట్లాలు మొత్తం ఆమె ఏప్రన్‌లో పోసింది.

"పొట్లాలు పిండి పీపాలో దాచు. పుస్తకం ఇప్పుడే పోస్టుకి, చరిత్ర సంఘం పేరుకి. అసలైన సంఘానికి. వెనకదారిన వెళ్ళు."

"జుట్టా అమ్మా? నా పిండిలోనా?" అంది నోరా. డార్కస్ మొహం చూసి ఇంక నోరెత్తలేదు. కుండ కింద మంట కూడా ఆర్పకుండా, శాలువా కప్పుకుని వెళ్ళిపోయింది.

డార్కస్ కుట్టుపెట్టెలోంచి కత్తెర తీసుకుంది. చెవి పక్కనుంచి వేలెడు పాయ కత్తిరించి అత్త అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"నా పువ్వు అల్లు. ఇప్పటిదాకా పెళ్ళికాని పిల్లకి తొందరేముందని అల్లలేదు కదా. నా జడ నీ కళ్ళతో చూసేదాకా నల్లదారం ముట్టుకోకు. మా అమ్మదీ అంతే. మాటివ్వు."

"ఇస్తున్నాను" అంది మెహిటబెల్. ఆవిడ ఏడవడం డార్కస్ పుట్టి బుద్ధెరిగాక అదే చూడడం.

గులకరాళ్ళ మీద చక్రాల చప్పుడు వినిపించి ఆగింది. తలుపు తట్టే ఇత్తడి రింగు మూడుసార్లు మోగింది. డార్కస్ కోటు తొడుక్కుని, టోపీ రిబ్బను ముడి వేసుకుని, తనే వెళ్ళి తలుపు తీసింది.

"శుభ సాయంత్రం డార్కస్ గారూ" అన్నాడు విట్లో, అదే మెత్తటి నవ్వుతో. వెనక ఇద్దరు బలమైన మనుషులు. "పెట్టెలు సిద్ధమేనా?"

"సిద్ధమేనండి డాక్టరుగారూ" అంది ఆమె, మడిచిన కాగితం అతనికి అందిస్తూ. "ఒక్కటే పెట్టె. నేనే నడిచొస్తాను, మీవాళ్ళకి శ్రమ వద్దు."

విట్లో నవ్వు కాసేపు మొహం మీద నిలవడానికి చోటు వెతుక్కుంది. గింజుకునేవాళ్ళని, కేకలు వేసేవాళ్ళని చూశాడు గానీ, కోటు తొడుక్కుని ఎదురుచూసేవాళ్ళని అతను ఇంతవరకు చూడలేదు. అతని కళ్ళల్లో చిన్న భయం కనిపించి డార్కస్‌కి ధైర్యం వచ్చింది. మెట్లు దిగి బండి దగ్గరికి నడిచింది. పావుగంటలో, లేదా తెల్లారేసరికి, లేదా ఎల్లుండికి, ఎప్పటికో అప్పటికి అమ్మ. ఒక్కో అడుగుకీ ఆ మాటే అనుకుంది.

వెనక విట్లో గొంతు వినిపించింది. "ఇది ఆంబ్రోస్ గారు మీకిమ్మన్నారమ్మా. మాట ప్రకారం."

బండి మెట్టు మీద ఒక కాలు పెట్టి డార్కస్ వెనక్కి తిరిగింది. గుమ్మంలో మెహిటబెల్ అత్త కవరు చింపుతోంది. కవరు ప్రతి ఏడాదీ వచ్చేంత పల్చటిది కాదు. లావుగా, బరువుగా ఉంది. ఆవిడ వేళ్ళు లోపలికి వెళ్ళి బయటికొచ్చాయి. వాటివెంట తెల్లటి జుట్టు వచ్చింది, ఇంకా వచ్చింది, వస్తూనే ఉంది, ఆవిడ మోకాళ్ళదాకా వేలాడింది.

పాయ కాదు. జడ మొత్తం.

డార్కస్ కేక వెయ్యబోయింది. రెండు చేతులు ఆమెని వెనకనుంచి ఎత్తి లోపల కూర్చోబెట్టాయి. మూసుకుంటున్న తలుపు సందులోంచి, అత్త గుమ్మానికి ఆనుకుని కిందికి జారడం, ఆవిడ చూపు ఇంట్లోకి, నల్లదారం ఉండే కుట్టుపెట్టె వైపు తిరగడం కనిపించింది. తలుపు పడింది. డార్కస్ చీకట్లో పిడి కోసం తడిమింది. తలుపుకి లోపలివైపు పిడి లేదు.